పురుగుల హాలు, బాలింత నీళ్లు

మొదటి కాన్పుకు తల్లిగారింటికి వచ్చిన రోజు అవ్వ, అంటే మా అమ్మ, నా సంచి లోపలి గదిలో పెట్టి, మంచాన్ని పడమటి గోడకు ఆనించి వేసింది. ఒరిగి కూర్చున్నాను. వీపుకు వెచ్చగా తగిలింది. ఎండ పడిన గోడ వెచ్చదనం వేరు, ఇది వేరు. గోడ లోపల ఎవరో పడుకుని ఊపిరి తీస్తున్నట్టు ఉంది. మెహిదీపట్నంలో బస్సెక్కి, గండిపేట నీళ్లు ఎడంగా మెరుస్తుంటే చూసి, మొయినాబాద్ దాటాక కునికి, చేవెళ్లలో దిగి, ముడిమ్యాల పోయే ఆటోలో మా ఊరికి వచ్చిన అలసట అంతా ఆ గోడలోకి దిగిపోయింది. అవ్వ ఏదో అడుగుతూనే ఉంది. నేను నిద్రలో జవాబు చెప్పానట. ఏం చెప్పానో ఆమె తర్వాత ఎప్పుడూ చెప్పలేదు, నవ్వేది.

అప్పుడు నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేసేదాన్ని. ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతకడం నా పని. మా ఆయనదీ అలాంటి ఉద్యోగమే. పొద్దున చీకటితో బయల్దేరి, సాయంత్రం చీకటితో తిరిగి వచ్చే రోజులు. అద్దాల బిల్డింగులు ఒక్కొక్కటే లేస్తున్నాయి. మా ఊరి దాకా ఇంకా ఏమీ రాలేదు గానీ, మొయినాబాద్ వైపు చేలల్లో ప్లాట్లకు హద్దులుగా తెల్ల రాళ్లు పాతడం మొదలైంది.

ఆ గోడకు అవతల హాలు. మనుషులు కూర్చునే హాలు కాదు, పట్టుపురుగుల హాలు. బాపు, అంటే మా నాన్న, ఇల్లు కట్టినప్పుడు ముందుగది, లోపలిగది, వంటిల్లు మాకు కట్టి, వాటన్నిటికంటే పెద్ద హాలు పురుగులకు కట్టాడు. ఇంటికి వచ్చిన చుట్టాలు ఆ తలుపు తెరిచి, లోపల అంతస్తులు అంతస్తులుగా పేర్చిన వెదురు తట్టలు చూసి, మళ్లీ మెల్లగా మూసేవాళ్లు. ఇంటి వెనక మల్బరీ తోట. ఆకు కోసి తేవడం, పురుగులకు పరచడం, రెమ్మలు ఎండబెట్టడం, ఇదే మా ఇంటి పని.

చలికాలం పంటకు వేడి కావాలి. మేము చిన్నగా ఉన్నప్పుడు హాలులో బొగ్గుల కుంపట్లు పెట్టేవాళ్లు. పొగకు పురుగులు మేత మానేసేవి. బాపు అప్పట్లో గండిపేట చెరువు పక్కన ఒక రిసార్టులో బాయిలర్ నడిపేవాడు. పొద్దున్నే పోయి నిప్పు వేసి, గదులన్నిటికీ వేణ్నీళ్లు పంపడం ఆయన ఉద్యోగం. కొన్నేళ్లకు ఆ రిసార్టువాళ్లు డాబా మీద సోలార్ పెట్టించుకున్నారు. పాత బాయిలర్‌ను ఇనుప సామానుకు వేసే ముందు బాపు దాన్ని తనకు ఇమ్మని అడిగాడు. ట్రాక్టరు మీద అది మా ఊళ్లోకి వచ్చిన రోజు నాకు కలలోలాగా గుర్తుంది. మసి పట్టిన పెద్ద డ్రమ్ము, దాని పక్కన నిలబడి తాడు పట్టుకున్న బాపు. పెళ్లికొడుకు తమ్ముడంత సంబరంగా ఉన్నాడు.

బాయిలర్‌ను పెరట్లో రేకుల కొట్టం కింద దింపారు. బాపూ మా అన్నా కలిసి హాలు గోడల వెంబడి ఇనుప పైపులు వేశారు. కింద ఎండు మల్బరీ రెమ్మలు మండుతుంటే లోపల నీళ్లు కాగుతాయి. చిన్న మోటారు ఆ నీళ్లను హాలు చుట్టూ తిప్పి మళ్లీ బాయిలర్‌కే తెస్తుంది. పొగ బయటే ఉంటుంది, వేడి లోపలికి వస్తుంది. తర్వాత అన్నకే ఆలోచన వచ్చి ఆ పైపును కొంచెం పొడిగించారు. హాలు తిరిగి వచ్చే నీళ్లు స్నానాల గది మీద ఉన్న ట్యాంకులో పెట్టిన పైపు చుట్టల్లోంచి తిరిగి వెనక్కి పోయేటట్టు చేశారు. ట్యాంకులో నీళ్లు కాగిపోయేవి. అన్నిటికీ ఒకటే బటన్. ఇంటికి ఎవరొచ్చినా బాపు వాళ్లను ఆ బటన్ దగ్గరికి తీసుకుపోయి చూపించేవాడు. ఇది ఒత్తితే పురుగులకు వేడి, మనుషులకు స్నానం. ఇంకేం కావాలి అన్నట్టు వాళ్ల ముఖంలోకి చూసేవాడు.

అన్నకు గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చాక చిక్కు మొదలైంది. అక్కడి అద్దాల బిల్డింగుల కింద నేలమాళిగలో పెద్ద పెద్ద యంత్రాలు ఉంటాయి. అవి నీళ్లను చల్లబరచి అంతస్తు అంతస్తుకూ పంపుతాయి. వాటిని చూసుకోవడమే అన్న పని. "నేను వేడినీళ్లు తిప్పిన, వీడు చల్లనీళ్లు తిప్పుతడు" అని బాపు అందరితో చెప్పేవాడు. నవ్వుతూనే చెప్పేవాడు గానీ, ఆ మాటలో కొంచెం బాధ ఉండేది. బాయిలరూ మల్బరీ తోటా అన్న చేతికి వస్తాయని ఆయన అనుకున్నాడు.

ఒక పండుగకు వచ్చినప్పుడు అన్న బాయిలర్ చుట్టూ తిరిగి చూసి, ఈ రెండు దారులూ వేరు చెయ్యాలి బాపూ అన్నాడు. స్నానానికి నీళ్లు కావాలంటే హాలు కూడా ఉడుకుతోంది, హాలు చల్లగా ఉండాలంటే స్నానానికి నీళ్లు లేవు, ఇది సరికాదు అన్నాడు. బాపు రెమ్మలు విరిచి పొయ్యిలో పెడుతూనే ఉన్నాడు. ఒక్క నీళ్లే కదా, ఒక్క దారిన పోతాయి, ఒక్క దారిన వస్తాయి, దానికి రెండు బటన్లు ఎందుకు అన్నాడు. ఎండాకాలంలో చన్నీళ్లు పోసుకో అన్నాడు. కొట్లాట ఏమీ కాలేదు. కానీ అప్పటి నుంచి వాళ్లిద్దరి మధ్య బాయిలర్ మాట రాలేదు. ఆ మాట లేకపోతే వాళ్లకు మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

నేను వచ్చేసరికి ఇల్లు ఇలా ఉంది.

మా పాప చేవెళ్ల దవాఖానలో పుట్టింది. ఇంటికి తెచ్చిన రోజునే గోడకు అవతల కొత్త పంట మొదలైంది. గుడ్లు పగిలి, దుమ్ము రేణువుల్లాంటి పురుగులు లేత ఆకు మీదికి పాకాయని అవ్వ చెప్పింది. బాలింత పురుగుల హాలులోకి పోకూడదు. అందుకని ఆ పంటనంతా నేను గోడ ఇవతలి నుంచే విన్నాను.

పురుగులున్న ఇంట్లో కొన్ని పద్ధతులు ఉంటాయి. వాసన ఏదీ రాకూడదు. అగరుబత్తి వద్దు, దోమల చుట్ట వద్దు, పౌడరు వద్దు. మా ఆయన ఆదివారం బండి మీద వచ్చినప్పుడు, ఆయన చొక్కాకున్న సెంటు వాసనకు అవ్వ గడప దగ్గరే ఆపి, బాపు చొక్కా ఒకటి ఇచ్చేది. ఆయన దాన్ని వేసుకుని, వదులు చేతులు మడుచుకుంటూ పాపను చూడటానికి వచ్చేవాడు. బాలింతకూ బిడ్డకూ స్నానం తర్వాత సాంబ్రాణి వేయడం మామూలు. మా ఇంట్లో అది లేదు. అందుకని నా తల ఆరబెట్టే పని గోడదే అయింది. అవ్వ నూనె పట్టించి, ఒళ్లంతా మర్దన చేసి, ఆవిర్లు పోయే నీళ్లు వీపు మీద పోసేది. ఆ నీళ్ల కింద కూర్చుంటే ఎముకలన్నీ మెత్తబడి, నేను ఎక్కడున్నానో మరిచిపోయేదాన్ని. తర్వాత తెల్ల గుడ్డ తలకు చుట్టి తెచ్చి, మంచం మీద కూర్చోబెట్టి, జుట్టు గోడ మీద పరిచేది. తడి జుట్టు గోడకు అంటుకుని మెల్లగా ఆరుతూ ఉండేది. పాప ఒళ్లో ఉండేది. ఇద్దరం అలాగే నిద్రపోయేవాళ్లం.

ఆ మొదటి రోజుల్లో అందరికీ ఒకటే వేడి సరిపోయింది. చిన్న పురుగులకు వేడి కావాలి, పాపకు కావాలి, నాకు కావాలి. బాపు తెల్లవారుజామున లేచి బటన్ ఒత్తేవాడు. గోడలో సన్నని గరగర మొదలయ్యేది, పైపుల్లో నీళ్లు కదిలే చప్పుడు. కొంతసేపటికి మంచం, దుప్పటి, పాప పాదాలు, అన్నీ వెచ్చబడేవి. కిటికీ బయట మంచు కప్పిన మల్బరీ తోటలో ఎవరో ఆకు కోస్తున్నట్టు వినిపించేది. అది అవ్వే అని తెలిసినా, తెలియనట్టు వినడం నాకు ఇష్టంగా ఉండేది.

పట్టుపురుగులు మధ్య మధ్యలో నిద్రపోతాయి. తల పైకెత్తి, మేత మాని, కదలకుండా ఉండి, లేచాక పాత చర్మం విడిచి పెద్దవవుతాయి. అలా నాలుగుసార్లు. అవి నిద్రలో ఉన్నప్పుడు ఇంట్లో గిన్నె కూడా కింద పెట్టి చప్పుడు చేయనిచ్చేది కాదు అవ్వ. "పడుకున్నయి" అని గుసగుసగా చెప్పేది. పురుగులో, పాపో, ఎవరో ఒకరు ఎప్పుడూ పడుకునే ఉండేవారు. నేను కూడా ఎప్పుడు లేచి ఉన్నానో, ఎప్పుడు నిద్రలో ఉన్నానో సరిగ్గా చెప్పలేను. కళ్లు మూసుకుంటే ఆఫీసులో నా కంప్యూటర్ తెర కనిపించేది. దాని మీద అక్షరాలన్నీ మెల్లగా పాకుతూ ఆకు అంచులు కొరుకుతుండేవి. ఏ అక్షరం తప్పో వెతకాలని కూడా అనిపించేది కాదు.

నాలుగో నిద్ర లేచాక అన్నీ మారాయి.

అప్పటికి పురుగులు వేలంత అయ్యాయి. ఇప్పుడు వాటికి వేడి పడదు, గాలి కావాలి. పగలూ రాత్రీ తింటాయి. గోడకు అవతల ఎండు చొప్ప మీద ఎవరో ఆగకుండా నడుస్తున్నట్టు ఉంది ఆ చప్పుడు. బాపు హాలు కిటికీలన్నీ తెరిచి బటన్ ఆపేశాడు. అదే సమయానికి సముద్రంలో ఎక్కడో వాయుగుండం పట్టి ఆకాశం మూసుకుంది. సన్నని జల్లు, ఎండ లేదు. హాలులో గాలి ఆడక ఉక్కగా ఉంటే, నా గదిలో తేమకు దుప్పట్లు చల్లగా అంటుకునేవి. గోడ చల్లబడింది. ట్యాంకులో నీళ్లు చల్లబడ్డాయి.

అవ్వ వంటింటి పొయ్యి మీద పెద్ద బగోనలో నీళ్లు కాచి స్నానాల గదికి మోసేది. ఆకు కోసి కోసి ఆమె నడుము అప్పటికే పట్టేసింది. ఒకరోజు సగం దారిలో బగోన కింద పెట్టి గోడ పట్టుకుని నిలబడింది. మంచం మీది నుంచి నాకు ఆమె వీపు మాత్రం కనిపించింది. పెరట్లో ఉన్న బాపును పిలిచింది.

"ఇగో, జర ఇను. నా బిడ్డ పచ్చి బాలింత. పొద్దుగాల జరసేపన్న మోటరు ఎయ్యి."

"పురుగులు నాలుగో నిద్ర లేచినయి" అన్నాడు బాపు. "ఇప్పుడు వేడి తగిలితె ఆగమైతయి."

"పురుగులే ఆగమైతయా?"

బాపు ఆకు తట్ట ఎత్తుకుని హాలులోకి పోయాడు. కానీ మరునాడు పొద్దున గోడలో ఆ గరగర మళ్లీ వినిపించింది. నా వీపు కంటే ముందు నా మనసుకు తెలిసింది. అవ్వ ఆవిర్ల నీళ్లు పోసింది. పాపకూ పోసింది. పాప ఆ వేడికి గుప్పిళ్లు విప్పి మెత్తగా పడుకుంది. అలా రెండు మూడు పొద్దులు గడిచాయి. బాపు హాలు తలుపులు బార్లా తెరిచిపెట్టి, నా స్నానం కాగానే పరుగున వచ్చి బటన్ ఆపేవాడు.

ఒక మధ్యాహ్నం గోడకు అవతలి చప్పుడు తగ్గింది. నేను ముందు అది నా నిద్ర అనుకున్నాను. తర్వాత లేచి కూర్చుని గోడకు చెవి ఆనించాను. ఒక మూల నుంచి మేత చప్పుడు రావడం లేదు. కొంతసేపటికి బాపు ఒక తట్ట పట్టుకుని పెరట్లోకి పోవడం కిటికీలోంచి చూశాను. దాన్ని దూరంగా, తోట చివరన ఒంపేసి వచ్చాడు. పైపుకు దగ్గరగా ఉన్న తట్టల్లో పురుగులు వేడికి మెత్తబడి ఆకు వదిలేశాయని అవ్వ చెప్పింది. మిగతావి బాగానే ఉన్నాయట. బాపు చేతులు కడుక్కుని, అరుగు మీద కూర్చుని, చాలాసేపు జల్లును చూస్తూ ఉండిపోయాడు. ఆ పూట ఎవరి మీదా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు అనిపించింది నాకు.

ఆ సాయంత్రం నేను అవ్వతో, మా ఇంటికి పోతానని చెప్పాను. మేము కిరాయికున్న ఇంట్లో గీజర్ ఉంది, ఆయన చూసుకుంటాడు, పంట అయ్యాక మళ్లీ వస్తాను అన్నాను. కోపంతో అనలేదు. నాకు నిజంగా అదే సులువుగా తోచింది. అవ్వ పాప కాళ్లకు నూనె రాస్తూ తల వంచుకుంది. గడప దగ్గర బాపు నిలబడి ఉన్నాడని నేను చూడలేదు. బాలింత గదిలోకి ఆయన ఎక్కువగా వచ్చేవాడు కాదు. గడపకు అవతల నిలబడే పాపను చూసి పోయేవాడు.

"వేణ్నీళ్లు లేవని తల్లిగారిల్లు ఇడిసి పోతవా బిడ్డా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "మరి ఇన్నేండ్లు నేనేం నడిపినట్టు?"

ఆయన లోపలికి వచ్చాడు. మంచం పక్కన నిలబడి గోడ మీద అరచెయ్యి పెట్టాడు. చల్లని గోడ. అలాగే కొంతసేపు చెయ్యి తీయకుండా, నిద్రపోతున్న పాపను చూశాడు. తర్వాత, "నీ ఫోనియ్యి జర" అన్నాడు.

ఇంట్లో సిగ్నల్ ఉండేది కాదు. పెరట్లో బాయిలర్ కొట్టం పక్కన రాయి ఎక్కితే వచ్చేది. బాపు ఆ రాయి మీద నిలబడి, గచ్చిబౌలి దాకా వినబడాలన్నంత గట్టిగా మాట్లాడాడు. అందుకే నేను మంచం మీది నుంచే అంతా విన్నాను. ముందు అన్న తిన్నాడా అని అడిగాడు. వాన ఉందా అని అడిగాడు. తర్వాత కొంచెం ఆగి, "నువ్వు ఎన్కట చెప్పినవు సూడు, రెండు దార్ల ముచ్చట. అది చేద్దాం. ఎట్ల చెయ్యాల్నో నాకు తెల్వది. నువ్వే రావాలె" అన్నాడు. ఫోన్ తెచ్చి రెండు చేతులతో నాకు ఇచ్చాడు.

అన్న మరునాడు సెలవు పెట్టి వచ్చాడు. భుజాన సంచిలో కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వులు రెండు, గోడకు బిగించి వేడిని కొలిచే థర్మోస్టాట్ ఒకటి, ట్యాంకుకు బిగించేది ఇంకొకటి. వచ్చీ రాగానే అవ్వ అన్నతో చన్నీళ్ల స్నానం చేయించి, బట్టలు మార్పించి, అప్పుడు పెరట్లోకి వదిలింది. వాన ఆగింది. మబ్బు వెనక ఎండ పాలలాగా తెల్లగా ఉంది.

పని అంతా చప్పుడు లేకుండా, వాసన లేకుండా చేయాలి. వెల్డింగు వద్దు, రంగు వద్దు, అతికించే జిగురు వద్దు. పురుగులు తింటున్నాయి. కాబట్టి ఇనుప పైపులను చేత్తో కోసి, కొసలకు మరలు చెక్కి, తెల్ల టేపు చుట్టి బిగించడమే. బాపుకు రిసార్టులో చేసిన చెయ్యి. పైపుకు మర చెక్కే పనిముట్టు పట్టుకుని ఒక్కో చుట్టూ తిప్పుతూ నూనె వేస్తుంటే, అన్న పైపును కదలకుండా పట్టుకున్నాడు. నేను కిటికీ దగ్గర పాపను ఎత్తుకుని చూస్తున్నాను. వాళ్లు ఏం మాట్లాడుకున్నారో అంతా వినిపించలేదు. ఎక్కువ మాట్లాడుకోలేదు కూడా. బాయిలర్ నుంచి వచ్చే పైపును రెండుగా చీల్చారు. ఒక కొమ్మ హాలుకు, ఒక కొమ్మ తిన్నగా స్నానాల గది ట్యాంకుకు. ఒక్కో కొమ్మకు ఒక్కో వాల్వు. రెండూ మూసుకున్నప్పుడు ఆవిరి పోవడానికి డాబా మీదికి ఒక గొట్టం తెరిచే ఉంచారు. అది బాపు ఆలోచన. అన్న మొదట దాన్ని మరిచిపోయాడు. బాపు గుర్తుచేస్తే తల గోక్కుని, నవ్వి, మళ్లీ నిచ్చెన ఎక్కాడు.

మధ్యలో అవ్వ వాళ్లిద్దరికీ చాయ తెచ్చింది. కొట్టం కింద రెమ్మల మోపు మీద పక్కపక్కన కూర్చుని తాగారు. ఒకరి భుజం ఒకరికి తగులుతోంది. ఇద్దరూ పక్కకు జరగలేదు. మా బాపూ అన్నా అంత దగ్గరగా కూర్చోవడం చూసి ఎన్నేళ్లయిందో అనుకుంటూ, నేను పాపను అటు తిప్పి చూపించాను. పాపకు ఏం కనిపించిందో.

సాయంత్రానికి పాత బటన్ ఉన్న చోట కొత్త బోర్డు, దాని మీద రెండు బటన్లు. పొయ్యి వెలిగించారు. అన్న స్నానాల గది బటన్ ఒత్తాడు. అందరం ఎదురుచూశాం. నా వీపు వెనక మెల్లగా ఆ గరగర మొదలైంది. గోడ మీద చెయ్యి పెట్టి, "అన్నా, ఇటు ఎచ్చగైతున్నది" అన్నాను. తీగలు అటుదిటు ఇటుదటు పడ్డాయి. బాపు పరుగెత్తి ఆపాడు. అన్న ముఖం ఎర్రబడింది. బాపు ఏమంటాడో అని నేను బిక్కుబిక్కుమంటూ చూశాను. బాపు బోర్డు మూత తనే విప్పి, టార్చి పట్టుకుని నిలబడి, "పోనీ, నిమ్మలంగ చెయ్యి" అన్నాడు.

రెండోసారి గోడ చల్లగానే ఉంది. స్నానాల గది నుంచి అవ్వ పిలిచింది. నీళ్లు కాగుతున్నాయి.

అవ్వకు చదువు రాదు. ఏ బటన్ ఏదో తెలియడానికి అన్న పెన్నుతో రాయబోతే ఆపి, నా బొట్టుబిళ్లల అట్ట నుంచి ఎర్ర బిళ్ల ఒకటి తీసి స్నానం బటన్ మీద అంటించింది. పురుగుల బటన్‌కు ఏమీ పెట్టలేదు. అది వాటికి తెలుసు అన్నది.

ఆ పొద్దు నుంచి నాకు రోజూ ఆవిర్ల నీళ్లే. హాలు కిటికీలు తెరిచే ఉండేవి. తెల్లవారుజామున మరీ చలి పెట్టినప్పుడు మాత్రం హాలులోని థర్మోస్టాట్ టిక్కుమనేది, గోడ కాసేపు గోరువెచ్చనై, మళ్లీ టిక్కుమని ఆగేది. మొదట్లో నాకు నిద్ర పట్టలేదు. చల్లని గోడ పక్కన పడుకోవడం, పక్కన ఉన్న మనిషి లేచిపోయినట్టు ఉండేది. అవ్వ ఇత్తడి చెంబులో వేణ్నీళ్లు పోసి, మూత బిగించి, పాత చీరలో చుట్టి నా కాళ్ల దగ్గర పెట్టేది. తెల్లారేసరికి అది చల్లబడి, దుప్పటిలో బరువుగా, నిద్రపోయిన పిల్లిలాగా ఉండేది.

కొన్నాళ్లకు పురుగులు మేత మానాయి. ఇంత తిన్న హాలులో ఒక్కసారిగా ఏ చప్పుడూ లేదు. గూళ్లు అల్లే సమయం అది. వెదురు చట్రాల మీద, వలయాలు వలయాలుగా అల్లిన చాపల మధ్య పురుగులను వదులుతారు. ఆ చట్రాలను చంద్రికలు అంటారు. నేను హాలులోకి వచ్చి చూడలేనని బాపు ఒక చంద్రికను నా కిటికీ బయటికి తెచ్చి ఎత్తి పట్టుకున్నాడు. పసుపు రంగుకు తిరిగిన పురుగులు. ఒకటి తల అటూ ఇటూ ఆడిస్తూ, కనిపించీ కనిపించని పోగు వదులుతోంది. ముందు దాని చుట్టూ పొగమంచు లాంటిది కమ్మింది. తర్వాత సన్నని తెర అయింది. తెర వెనక అది ఇంకా తల ఆడిస్తూనే ఉంది. నేను పాపను కిటికీ కమ్ముల దగ్గర పట్టుకుని, ఆ తెర కొంచెం చిక్కబడేదాకా చూశాను. బాపు చేతులు నొప్పి పుట్టినా దించలేదు. బయట ఎండ, ఇవతల నీడ. ఎంతసేపు నిలబడ్డామో ఎవరికీ తెలియదు.

పంట బాగానే వచ్చింది. పోయినవి పోగా మిగిలినవి మంచి గట్టి గూళ్లు అల్లాయి. వాటిని నగరంలోని అంగడికి తీసుకుపోయే రోజునే నేనూ బయల్దేరాను. అన్న ఒక చిన్న వ్యాను మాట్లాడాడు. వెనక గూళ్ల సంచులు, ముందు డ్రైవర్ పక్కన నేనూ పాపా. బాపూ అన్నా వెనక సంచుల మధ్య కూర్చున్నారు. మొయినాబాద్ దాటుతుంటే తెల్లారుతోంది. రోడ్డు పక్కన కొత్త కాంపౌండు గోడలు, పెద్ద ఇనుప గేట్లు, వాటి వెనక ఇంకా ఏమీ కట్టని ఖాళీ చేలు మంచులో తేలుతున్నాయి. వ్యాను కుదిపినప్పుడల్లా వెనక గూళ్లు ఎండిన కాయల్లా గలగలమనేవి. వాటి బరువు ఏమీ లేనట్టే ఉంటుంది. ఆ చప్పుడుకు పాప కళ్లు తెరిచి మళ్లీ మూసింది.

నన్ను మా ఇంటి దగ్గర దించి, గూళ్లు అమ్ముకుని, బాపు సాయంత్రం ఊరికి పోలేదని తర్వాత తెలిసింది. అన్నతో గచ్చిబౌలి పోయాడట. ఏమనుకున్నాడో, నువ్వు పని చేసే చోటు చూపించు అని అడిగాడట. అన్న తన పైవాళ్లను అడిగి నేలమాళిగలోకి తీసుకుపోయాడు. మనిషి నడుమంత లావు పైపులు, వరుసలు వరుసలుగా వాల్వులు, ఒక్కో అంతస్తుకు ఒక్కోటి. పైపుల మీద చెమట పట్టి నీళ్లు కారుతున్నాయి. బాపు వాటి మీద అరచెయ్యి పెట్టి, తీసి, తడి చెయ్యి ముఖానికి రాసుకున్నాడట. యంత్రాల గురించి ఒక్కటీ అడగలేదట.

"పైన పని చేసేటోళ్లకు ఎర్కేనా, కింద నువ్వు ఉన్నవని?" అని మాత్రం అడిగాడట.

తెలియదని అన్న చెప్పాడు.

"రిసార్టుల గూడ గట్లనే ఉండె" అన్నాడట బాపు. "నీళ్లు సల్లగైతెనే నన్ను యాద్జేస్తుండ్రి."

ఇది అన్న నాకు ఫోన్‌లో చెప్పాడు. ఆ రాత్రి బాపు అన్న గదిలోనే ఉండిపోయి, పొద్దున మొదటి బస్సుకు వెళ్లాడు. వెళ్లే ముందు అన్నకు స్నానానికి నీళ్లు ఎట్లా కాచుకుంటావని అడిగి, బకెట్‌లో పెట్టే హీటర్ కడ్డీ చూసి, దాని తీగ పాతబడిందని, మార్చమని చెప్పి పోయాడు.